వైద్యరంగ సంస్కరణల తరువాత నర్సుల పరిస్థితి ఏమవుతుంది? పరకాల నుంచి అడిగిన జీఎన్ఎం నర్సుకు సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు జీఎన్ఎం (నర్సింగ్, ప్రసూతి సేవల డిప్లొమా) పూర్తిచేసి హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నారు. కొత్త నర్సింగ్ కమిషన్ చట్టం, ఆరోగ్యశ్రీ పరిమితి పెంపు, పల్లె దవాఖానాలు (ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రాలు), జిల్లాకో మెడికల్ కాలేజీ, ఇవన్నీ కలిసి నర్సుల బతుకును నిజంగా మారుస్తాయా అని అడిగారు. మీ జీఎన్ఎంకు ఇక విలువ ఉంటుందా, పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్ఎం తరువాత చేసే డిగ్రీ) చేయాలా, ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నించాలా, లేక తోటి నర్సుల్లాగా జర్మనీ దారి చూసుకోవాలా అని కూడా అడిగారు.

నేరుగా చెప్పాలంటే, మీ జీఎన్ఎం చెల్లకుండా పోదు. ఉద్యోగాల సంఖ్య పెరుగుతోంది, ఇంకా పెరుగుతుంది. కానీ జీతం గానీ, వార్డులో నర్సుల సంఖ్య గానీ చట్టం వచ్చినంత మాత్రాన పెరగవు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా పనిచేసి, తరువాత నర్సింగ్ స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పినదాన్ని. నేను చూసినంతలో ప్రతి సంస్కరణా మొదట నర్సు మీద పనిని పెంచింది. అధికారం, జీతం మాత్రం ఉత్తర్వులో స్పష్టంగా రాసినచోటే వచ్చాయి. రాయనిచోట ఎన్నేళ్లు గడిచినా రాలేదు. అందుకని ఏ కొత్త పథకం గురించి విన్నా మూడు విషయాలు వెతకండి: నర్సు స్వయంగా ఏం చేయవచ్చని అందులో రాశారు, ఎంతమంది నర్సులు ఉండాలని రాశారు, ఆ జీతాలకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందని రాశారు. ఈ మూడూ ఉంటే ఆ పథకం మనకు మేలు చేస్తుంది. ఏదీ లేకపోతే మనకు దక్కేది అదనపు రిజిస్టర్లు మాత్రమే.

ముందుగా చట్టం సంగతి. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. దీని కింద జాతీయ స్థాయిలో ఒక కమిషన్, రాష్ట్రాల్లో రాష్ట్ర కమిషన్లు ఉంటాయి. జాతీయ కమిషన్ కింద మూడు బోర్డులు పనిచేస్తాయి. ఒకటి చదువుల ప్రమాణాలు చూస్తుంది, ఒకటి కాలేజీలను తనిఖీ చేసి రేటింగ్ ఇస్తుంది, ఇంకొకటి రిజిస్ట్రేషన్లు, వృత్తి నియమావళి చూస్తుంది. దేశమంతటి నర్సుల వివరాలతో ఒకే ఆన్‌లైన్ రిజిస్టర్ నిర్వహించాలని కూడా చట్టం చెబుతోంది. ఇప్పటికే రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన మీవంటి వారు మళ్లీ పరీక్ష రాయవలసిన పని లేదు. కాకపోతే మీ పేరు, పుట్టిన తేదీ, కోర్సు వివరాలు పదో తరగతి మెమోలో, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో ఒకే తీరుగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండడం వల్ల, పెళ్లి తరువాత ఆధార్‌లో ఇంటిపేరు మారడం వల్ల నా విద్యార్థినులు కొందరు నెలల తరబడి కౌన్సిల్ ఆఫీసు చుట్టూ తిరిగారు.

ఈ చట్టంలో నాకు అన్నింటికంటే ఆశ కలిగించేది కాలేజీల రేటింగ్. నర్సింగ్ కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలన్నది కౌన్సిల్ నిబంధన. ఆ పడకల్లో రోగులు ఉంటేనే విద్యార్థి చేతికి పని వస్తుంది. తనిఖీ రోజున పడకలు నిండి, మరునాటికి ఖాళీ అయిన ఆసుపత్రులను నేను చూశాను. పరీక్షల సమయానికి మాత్రమే కనిపించే విద్యార్థులనూ చూశాను. అటువంటి చోట చదివిన అమ్మాయి మొదటిసారి ఐసీయూలో అడుగుపెట్టినప్పుడు ఇన్‌ఫ్యూజన్ పంపు (మందును కొలిచి ఎక్కించే యంత్రం) ముందు నిలబడి వణికిపోతుంది. ఆ తప్పు ఆమెది కాదు, కానీ రోగికి జరిగే నష్టం మాత్రం నిజమే. రేటింగ్ బోర్డు తన పని సవ్యంగా చేస్తే, పదేళ్లలో మన వృత్తికి దానికంటే పెద్ద మేలు ఇంకొకటి ఉండదని నా నమ్మకం.

ఇక చట్టంలో లేనిది ఏమిటంటే జీతం. ఈ చట్టం చదువును, రిజిస్ట్రేషన్‌ను, వృత్తి ప్రవర్తనను చూస్తుంది, ప్రైవేటు ఆసుపత్రి మీకు ఎంత ఇవ్వాలో చెప్పదు. ఆ మాట చెప్పిన పత్రం వేరే ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతభత్యాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించగా కేంద్రం ఒక కమిటీని వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 నుంచి 200 పడకల ఆసుపత్రుల్లో అంతకంటే 10 శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 పడకలుంటే 25 శాతానికి మించి తగ్గకుండా జీతం ఇవ్వాలని, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు కనీసం 20,000 రూపాయలు ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. రాష్ట్రాలు దాన్ని అమలు చేయాలన్నారు. కేరళలో నర్సుల సంఘాలు పట్టుబట్టి పోరాడాయి, 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం కనీస వేతనంగా 20,000ను నోటిఫై చేసింది. మన దగ్గర అది సిఫారసుగానే ఉండిపోయింది. హనుమకొండ నయీంనగర్ నుంచి కరీంనగర్ దాకా చిన్న నర్సింగ్ హోముల్లో ఈనాటికీ జీఎన్ఎం నర్సుకు అందులో సగం చేతిలో పెట్టేవారున్నారని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకే సిఫారసు, రెండు రాష్ట్రాలు, రెండు ఫలితాలు. తేడా అంతా రాష్ట్ర ప్రభుత్వం సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. మన సంఘాలు అడగవలసిన మొదటి కోరిక ఇదేనని నేను చాలాకాలంగా చెబుతున్నాను.

రెండో కోరిక నర్సుల సంఖ్య. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒక్కో పడకకు ఒకరు ఉండాలి. సెలవుల కోసం దీనికి అదనంగా 30 శాతం మందిని లెక్కవేయాలి. ఇది కాగితం మీది లెక్క. వానాకాలంలో, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు నుంచి మలేరియా, డెంగీ కేసులు వచ్చే రోజుల్లో, ఒక మెడికల్ వార్డులో రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో చూద్దాం. మంచాలు నిండిపోయి వరండాలో పరుపులు వేస్తారు. సాయంత్రం డ్యూటీ నర్సు దగ్గర కేసులు అప్పగించుకోవడానికే చాలాసేపు పడుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయినవారు ఎవరు, మూత్రం రానివారు ఎవరు, ఏ సెలైన్ ఎన్ని గంటలకు అయిపోతుంది, ఎవరి రక్త నమూనా ఇంకా వెళ్లలేదు, ఇవన్నీ నిలబడే రాసుకుంటారు. ఆ తరువాత ఒక్క నర్సు, ఒక విద్యార్థిని కలిసి ఆ వార్డంతా చూడాలి. బీపీ రెండు గంటలకొకసారి చూడమని కేస్ షీట్‌లో రాసి ఉంటుంది. నలభై మందికి రెండు గంటలకొకసారి బీపీ చూడడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. డెంగీలో జ్వరం తగ్గిన రోజే అసలు ప్రమాదం మొదలవుతుంది. పల్స్ ప్రెజర్ (బీపీలోని రెండు అంకెల మధ్య తేడా) తగ్గుతున్న రోగిని ఆ చీకట్లో గుర్తుపట్టేది నర్సే. ఆ నర్సుకు సమయం దొరకకపోతే ఎంత మంచి డాక్టరు ఉన్నా, ఎంత ఖరీదైన భవనం కట్టినా ఫలితం లేదు.

ఈ మాట ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మన ప్రాంతంలో పడకలు వేగంగా పెరుగుతున్నాయి. 2022లో మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో జనగామ, భూపాలపల్లి, కరీంనగర్, సిరిసిల్ల, ఆసిఫాబాద్, నిర్మల్, కామారెడ్డిలో, 2024లో ములుగు, నర్సంపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు స్థలంలో రెండు వేలకు పైగా పడకలతో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2021లో శంకుస్థాపన చేశారు. మెడికల్ కాలేజీ అంటే దానికి అనుబంధంగా వందల పడకల ఆసుపత్రి తప్పనిసరి. డాక్టర్ల పోస్టులు నింపకపోతే మెడికల్ కమిషన్ అనుమతి ఆపుతుంది కాబట్టి వాటి మీద ఒత్తిడి ఉంటుంది. నర్సుల పోస్టులు ఖాళీగా ఉన్నాయని కాలేజీ అనుమతి ఆగిన సందర్భం మాత్రం నేనెరగను. అందువల్ల పడకలు ముందు వస్తాయి, నర్సులు తరువాత వస్తారు. ఆ మధ్యకాలంలో ఉన్నవారి మీదే భారం పడుతుంది.

అయినా పోస్టులు భర్తీ అవుతున్న మాట కాదనలేం. వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2023 ఆగస్టులో స్టాఫ్ నర్సుల పరీక్ష పెట్టింది. దాదాపు ఏడు వేల మందికి 2024 జనవరి 31న హైదరాబాద్‌లో నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది మరో రెండు వేల పైచిలుకు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చి నవంబరులో పరీక్ష జరిగింది. ఇంతకుముందు ఒక తరం నర్సులు ఔట్‌సోర్సింగ్‌లోనే వయసు దాటిపోయారు, అది నేను కళ్లారా చూశాను. కాబట్టి ఈ నియామకాలు చిన్న విషయం కాదు.

మీరు తెలుసుకోవలసిన ముఖ్యమైన లెక్క ఒకటుంది. ఈ నియామకాల్లో రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సర్వీసుకు 20 మార్కులు కేటాయించారు. గిరిజన ప్రాంతంలో పనిచేస్తే ప్రతి ఆరు నెలలకు రెండున్నర మార్కులు, ఇతర ప్రాంతాల్లో రెండు మార్కులు. అంటే ఏజెన్సీలో నాలుగేళ్లు, మైదాన ప్రాంతంలో ఐదేళ్లు చేస్తే 20 మార్కులూ పూర్తిగా వస్తాయి. ప్రైవేటు ఆసుపత్రిలో మీరు చేసిన సర్వీసుకు ఇందులో ఒక్క మార్కు కూడా రాదు. కాబట్టి ప్రభుత్వ ఉద్యోగమే మీ గమ్యమైతే, ములుగు, ఏటూరునాగారం వైపు కాంట్రాక్టు పోస్టుకు జిల్లా నోటిఫికేషన్ పడినప్పుడు, ఇప్పుడున్న జీతం కంటే కొంత తక్కువైనా వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. పిల్లలు చిన్నవాళ్లైతే ఇది సులభమైన నిర్ణయం కాదని తెలుసు. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి క్యాంపులో, అడవి మధ్య, నిద్ర లేకుండా పనిచేయవలసి రావచ్చు. కానీ అక్కడ పనిచేసిన నర్సులకు వచ్చే ధైర్యం, చేతి నేర్పు వేరు. ఇంకొక మాట, ఈ పోస్టులు జోన్ల వారీగా ఉంటాయి. హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్ ప్రాంతం భద్రాద్రి జోన్‌లోకి వస్తే, పక్కనే ఉన్న ములుగు, భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లోకి వస్తాయి. స్థానికతను ఒకటి నుంచి ఏడు తరగతుల చదువును బట్టి నిర్ణయిస్తారు కనుక ఆ బోనఫైడ్ సర్టిఫికెట్లు ముందే తెచ్చిపెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పాత బడికి వెళ్తే, మూతపడిన ప్రైవేటు బడి రికార్డుల కోసం మండల విద్యాధికారి ఆఫీసులో పడిగాపులు పడాలి.

ఇప్పుడు పల్లె దవాఖానాల సంగతి. కేంద్రం 2018లో మొదలుపెట్టిన హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రాల ఆలోచనలో నర్సుకు మంచి చోటుంది. బీఎస్సీ నర్సింగ్ లేదా జీఎన్ఎం చదివినవారికి ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ శిక్షణ ఇచ్చి, ఉపకేంద్రానికి బాధ్యురాలిని చేయడం ఆ పథకం ఉద్దేశం. అనేక రాష్ట్రాల్లో ఆ పోస్టుల్లో అధికశాతం నర్సులే ఉన్నారు. తెలంగాణలో పల్లె దవాఖానాలకు ఎంబీబీఎస్, ఆయుర్వేద వైద్యులను కూడా తీసుకోవడంతో నర్సుకు వచ్చిన చోటు కొంత తగ్గింది, గౌరవ వేతనంలోనూ తేడా పెట్టారు. బీపీ, షుగర్ పరీక్షలు, మందుల పంపిణీ, టెలీ కన్సల్టేషన్, గర్భిణుల నమోదు, ప్రతిదానికీ ఒక యాప్, అక్కడి పనిలో ఇవన్నీ ఉంటాయి. ఊళ్లో అక్కడికి వచ్చే వృద్ధుల్లో చాలామందికి కావలసింది క్రమం తప్పకుండా మందులు, ఓపిగ్గా మాట్లాడే మనిషి. ఆ పని నర్సు బాగా చేయగలదు. అయితే ఏ మందు తన సంతకంతో ఇవ్వవచ్చు, ఏది డాక్టరును అడిగి ఇవ్వాలి అన్నది ఆమె చేతిలో లిఖితపూర్వకంగా ఉండాలి. 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు ప్రాథమిక వైద్యం వరకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని రాశారు, డాక్టర్ల సంఘాలు దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ఆ సందిగ్ధంలో మధ్యన నిలబడేది ఉపకేంద్రంలోని నర్సే. నోటిమాటగా "ఇచ్చేయండి సిస్టర్" అన్నవారు, తేడా వచ్చిన రోజు పక్కన ఉండరు.

రాసి ఇచ్చిన అధికారం ఎంత మార్పు తెస్తుందో చూడాలంటే కరీంనగర్ మిడ్‌వైఫ్‌ల (కాన్పుల్లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సుల) సంగతి తెలుసుకోవాలి. ఈ సమాధానంలో నేను మిమ్మల్ని నిదానంగా చదవమని కోరే భాగం ఇదే. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి సంస్థ, యూనిసెఫ్ కలిసి కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. దీని అవసరం మన దగ్గర ఎంత ఉందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. ముహూర్తం చూసుకుని కోత పెట్టించుకునేవారు, నొప్పులకు భయపడేవారు, రాత్రి కాన్పు ఎందుకని సాయంత్రమే ఆపరేషన్ చేసేవారు, అందరూ ఆ అంకెలో ఉన్నారు.

నేను విద్యార్థినులను తీసుకుని ఒక మిడ్‌వైఫ్ విభాగానికి వెళ్లినప్పుడు చూసింది చెబుతాను. తొలి కాన్పుకు వచ్చిన అమ్మాయి మంచం మీద వెల్లకిలా లేదు. తల్లి భుజం పట్టుకుని గదిలో నడుస్తోంది, నొప్పి వచ్చినప్పుడల్లా గోడకు చేతులు ఆనించి ముందుకు వంగుతోంది. మిడ్‌వైఫ్ ఆమె నడుము కింది భాగాన్ని అరచేతితో గట్టిగా నొక్కి పట్టుకుంటోంది. నొప్పి తగ్గగానే డాప్లర్‌తో బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తోంది, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్టు) మీద గుర్తు పెడుతోంది. గొంతు ఎత్తి ఒక్క మాట అనలేదు. మా కాలంలో లేబర్ రూమ్ అంటే కేకలు, కసుర్లు, తొలి కాన్పు అయితే చాలు ఎపిసియోటమీ (కాన్పు దారిలో పెట్టే కోత). కాన్పు చేసేది నర్సే అయినా కేస్ షీట్‌లో ఆమె పేరు ఎక్కడా ఉండేది కాదు. ఇక్కడ మాత్రం ఇబ్బంది లేని కాన్పు మొదటి నుంచి చివరి వరకు మిడ్‌వైఫ్ బాధ్యత. ఏ లక్షణం కనిపిస్తే డాక్టరును పిలవాలో ముందే రాసి ఉంది. రాతలో తన పేరు ఉండడం వల్ల ఆ నర్సు నడకలోనే తేడా కనిపించింది. నా విద్యార్థినుల్లో ఇద్దరు ఆ రోజే ఈ శిక్షణకు వెళ్లాలని నిర్ణయించుకున్నారు.

దీనికీ చిక్కులున్నాయి. అంత శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను సిబ్బంది కొరత పేరుతో జనరల్ వార్డుకు మార్చిన సందర్భం నాకు తెలుసు. వేరుగా పోస్టులు, వేరుగా పదోన్నతుల వరుస లేకపోతే ఈ విద్య నిలవడం కష్టం. సంస్కరణ ప్రయోజనం నర్సుకూ రోగికీ ఒకేసారి అందిన ఉదాహరణగా మాత్రం నేను దీన్నే చూపిస్తాను. ప్రసూతి పని మీద ఇష్టముంటే, ప్రభుత్వ సర్వీసులోకి వచ్చాక ఈ అవకాశాన్ని వదులుకోకండి.

ఆరోగ్యశ్రీ మీకు రోజూ తగిలే విషయమే. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. పేద కుటుంబాలకు ఇది ఎంత అండో మనందరికీ తెలుసు. నర్సు వైపు నుంచి చూస్తే, ప్యాకేజీ రేటులో మందులు, ఆపరేషన్, పడక, నర్సింగ్ అన్నీ కలిపి ఒకే మొత్తంగా ఉంటాయి, నర్సు సేవకు విడిగా ఒక్క రూపాయి చూపించరు. విడిగా కనిపించని ఖర్చును తగ్గించడం యాజమాన్యానికి తేలిక. బిల్లులు ఆలస్యమై నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపుతామని ప్రకటించిన సందర్భాలు పలుమార్లు వచ్చాయి. చిన్న ఆసుపత్రుల్లో ఆ ఆలస్యం ముందుగా నర్సుల జీతం మీదే పడుతుంది. మరోవైపు, క్లెయిమ్‌తో పాటు కేస్ షీట్ అప్‌లోడ్ చేయాలి కాబట్టి టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టు, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు, నర్సు నోట్స్‌కు విలువ పెరిగింది. చార్టులో ఖాళీలు ఉంటే క్లెయిమ్ మీద ప్రశ్నలు వస్తాయి. దీన్ని మీకు అనుకూలంగా మార్చుకోండి. ఇచ్చిన మందు, ఇచ్చిన సమయం, చూసిన బీపీ మాత్రమే రాయండి. చూడని బీపీని క్లెయిమ్ కోసం నింపమని ఎవరు చెప్పినా నింపకండి. ఆ షీటు రేపు విచారణకు వస్తే, సంతకం మీదే కనుక జవాబు చెప్పవలసిందీ మీరే. ఉద్యోగం పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది, రిజిస్ట్రేషన్ పోతే ఏ ఉద్యోగమూ దొరకదు.

జీఎన్ఎం ఎత్తేస్తారన్న ప్రచారం గురించి అడిగారు. బీఎస్సీనే ప్రాథమిక అర్హతగా చేయాలన్న నిర్ణయం కౌన్సిల్ స్థాయిలో కొన్నేళ్ల కింద వచ్చి వాయిదా పడింది. ఏదో ఒకనాడు అది జరగవచ్చు, జరగడం మంచిదే. అప్పుడు ఆగేది కొత్త అడ్మిషన్లు, పాత రిజిస్ట్రేషన్లు కాదు. కానీ పదోన్నతులకు, బోధనకు, విదేశీ అవకాశాలకు డిగ్రీ అడగడం ఏటేటా పెరుగుతోంది. కాబట్టి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయడం మీకు లాభమే, అయితే హాజరు లేకుండా సర్టిఫికెట్ ఇస్తామనే చోట మాత్రం చేరకండి. మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ గుర్తింపు ఉందా, కాలేజీ పిల్లలు ఏ ఆసుపత్రిలో క్లినికల్‌కు వెళ్తారు, అక్కడ రోజుకు ఎంతమంది రోగులుంటారు అన్నవి స్వయంగా వెళ్లి, చదువుతున్న అమ్మాయిలను అడిగి తెలుసుకోండి.

జర్మనీ సంగతికి వస్తే, అక్కడ పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావడానికి జర్మన్ భాషలో బీ2 స్థాయి సాధారణంగా కావాలి. ఉద్యోగం చేస్తూ ఆ స్థాయికి రావడానికి ఏడాది పైనే పడుతుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాషా శిక్షణ ఇప్పించి నర్సులను పంపుతోంది, ముందు వారి దగ్గర విచారించండి. గల్ఫ్‌కైతే 2015 నుంచి నర్సుల నియామకం కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-మైగ్రేట్ ద్వారా, అనుమతి ఉన్న సంస్థల ద్వారానే జరగాలి. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏజెంట్ల చేతిలో మోసపోయిన కుటుంబాలు ఎన్నో మీకూ తెలుసు కదా. నర్సుల విషయంలో ఆ దారి తొక్కవలసిన అవసరమే లేదు. ఏ దేశం వెళ్లినా అడిగేది అనుభవ ధ్రువపత్రమే. పడకల సంఖ్య, వార్డు పేరు, పనిచేసిన తేదీలు రాసిన సర్టిఫికెట్ ఇప్పుడున్న ఆసుపత్రి నుంచి, సంబంధాలు బాగున్నప్పుడే, లెటర్‌హెడ్ మీద తీసుకోండి.

మీ స్థానంలో నేనుంటే చేసేది ఇది. ఈ ఏడాది రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఐదేళ్లకు 150 గంటల నిరంతర విద్య క్రెడిట్లు సరిచూసుకుంటాను. జిల్లా వైద్యాధికారి కార్యాలయం కాంట్రాక్టు నోటిఫికేషన్లు గమనిస్తూ, ఏజెన్సీ పోస్టు వస్తే చేరతాను, అక్కడినుంచే నియామక బోర్డు పరీక్ష రాస్తాను. రెండు ప్రయత్నాల్లో రాకపోతే పోస్ట్ బేసిక్‌లో చేరతాను. ఐసీయూలోనో డయాలిసిస్‌లోనో పనిచేసే వీలు ఇప్పుడున్న ఆసుపత్రిలో ఉంటే, జనరల్ వార్డు వదిలి అక్కడికి మార్చమని ఈ నెలలోనే అడుగుతాను. మీ వయసు, రిజిస్ట్రేషన్ సంవత్సరం, ఒకటి నుంచి ఏడు తరగతులు ఎక్కడ చదివారో రాస్తే, ఏ జోన్‌లో మీరు స్థానికులవుతారో, ఏది ముందు చేయాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.